నెలకు 5,000 రూపాయలతో మా ఊరి పేద పిల్లలకు ఏం చేస్తే మంచిది?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నానని, ఊరి బడి పిల్లలకు బ్యాగులు, నోటు పుస్తకాలు కొనిద్దామనుకుంటున్నానని, అది సరైన పనేనా అని అడిగారు. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక ఊరు, పక్కనే లంబాడీ తండా. మేం నలుగురు స్నేహితులం మొదటి ఏడాది బ్యాగులే పంచాం. ఇప్పుడైతే ఆ డబ్బంతా మూడేళ్ల లోపు పిల్లల కోసమే పెడతాను.

కారణం చెప్తాను. మూడేళ్లు దాటిన పిల్లలు రోజూ అంగన్‌వాడీకి వస్తారు, అన్నం, గుడ్డు టీచర్ కళ్ల ముందే తింటారు. అంతకంటే చిన్నవాళ్లకు సరుకు ఇంటికి పోతుంది. నెలకు 2.5 కిలోల బాలామృతం (చిన్నపిల్లలకు కలిపి పెట్టే పోషకాహార పొడి), 16 గుడ్లు. ఆ ఇంట్లో అవి ఎవరి కడుపులోకి పోతున్నాయో చూసే మనిషి ఉండరు. మెదడు బాగా ఎదిగే వయసు కూడా సరిగ్గా అదే.

ఒకసారి అంగన్‌వాడీ టీచరమ్మతో కలిసి తండాలో ఒక ఇంటికి వెళ్లాను. తల్లిదండ్రులు వలస పోయారు. ఏడాదిన్నర పాప, ఇద్దరు అన్నలు నానమ్మ దగ్గర ఉన్నారు. ప్యాకెట్ ఇచ్చి పది రోజులే అయింది, అడుగున కాస్త మిగిలింది. అన్నలు పొడి పొడిగానే బుక్కేశారు. ఆ మిగిలిందే నెలంతా రావాలని నానమ్మ గ్లాసుడు నీళ్లలో ఒక చెంచా కలిపి తాగిస్తోంది. "పల్చగుంటేనే అరుగుతది బిడ్డా" అంది. ఆమెకు మనవరాలంటే ప్రాణం. చిక్కగా కలిపి, చెంచా నూనె వేసి పెట్టమని ఆమెకు అర్థమయ్యేలా కూర్చుని చెప్పినవాళ్లే లేరు.

పోషణ ఎలా ఉందో చూసే రంగుల టేపును పాప జబ్బకు చుడితే 11.2 సెంటీమీటర్లు వచ్చింది. 11.5 కంటే తగ్గితే ఎరుపు, అంటే తీవ్రమైన పోషణ లోపం. నా బొటనవేలు, మధ్యవేలు కలిపి ఆ చేతిని పట్టుకుంటే ఇంకా సందు మిగిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇలాంటి పిల్లలకు పెద్దాసుపత్రుల్లో పోషకాహార పునరావాస కేంద్రం ఉంటుంది, ఎన్ఆర్‌సీ అంటారు. దాదాపు 14 రోజులు ఉంచుకుని వైద్యం, తిండి ఉచితంగా ఇస్తారు. కానీ నానమ్మ రానంది. మగపిల్లలను ఎవరు చూస్తారు, మేకలను ఎవరు తోలుకుపోతారు? మేం పక్కింటామెను బతిమాలి, ఆమె పోగొట్టుకునే కూలి మేమిచ్చి, పిల్లలనూ మేకలనూ అప్పగించాం. బస్సు ఛార్జీలతో కలిపి నాలుగు వేల లోపే అయింది. తిరిగొచ్చిన రోజు పాప నా చేతిలోని గిన్నె లాక్కుని తింది. ఆ తర్వాత కూడా పదిహేను రోజులకోసారి వెళ్లి బరువు చూస్తూనే ఉన్నాం. ప్రభుత్వం మందు ఇస్తుంది, తిండి ఇస్తుంది. మేకలను చూసుకునే మనిషిని మాత్రం ఇవ్వలేదు. మీ 5,000 పనికొచ్చేది అక్కడే.

టేపు ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకే. రెండు పాదాలూ ఉబ్బి, బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంటే ఇక టేపు సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దయచేసి పాలపొడి డబ్బాలు, పాలసీసాలు పంచకండి. ఆరు నెలల వరకు తల్లిపాలు చాలు. నీళ్లు సరిగా లేని ఇంట్లో సీసా అంటే విరేచనాలే.

బడి పిల్లల గురించి అడిగారు కాబట్టి చదువు గురించి కూడా ఒక్క విషయం. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, అంగన్‌వాడీలో టీచర్ తెలుగులో చెప్తుంది. రెండు నెలలు నోరు విప్పని ఒక బాబును అందరూ మొద్దు అనేశారు. ఆయా ఆ తండా మనిషే. ఆమె చింతపిక్కలు ముందు పోసి లంబాడీలో లెక్కపెట్టమంటే గడగడా పది దాకా చెప్పేశాడు. అప్పటి నుంచి ఏ కథైనా ముందు ఆయా లంబాడీలో చెప్తుంది, తర్వాత టీచర్ తెలుగులో చెప్తుంది. దీనికి మాకు రూపాయి కూడా ఖర్చు కాలేదు.

ముందు మీ ఊరి అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను కలవండి. తనిఖీకి వచ్చినట్టు కాదు, సాయానికి వచ్చినట్టు వెళ్లండి. బరువు తూచే మిషన్ పనిచేస్తోందా అని అడగండి. ఒక చోట అది పాడై నెలల తరబడి అంచనాతోనే బరువులు రాశారు. ఎరుపులో ఎంతమంది ఉన్నారో కనుక్కుని, ఆ ఇళ్లకు టీచరుతోనే వెళ్లండి. మా వైపు వలస పోయినవాళ్లు దసరాకు ఇంటికొస్తారు. మీ ఊళ్లోనూ అంతే అయితే సెలవు అప్పుడే పెట్టుకోండి, తల్లితో నేరుగా మాట్లాడే వీలు ఆ నాలుగు రోజులే.