పళ్ల మీదికి నెట్టి మోషన్స్‌ని వదిలేయకండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హనుమకొండ. మా పాపకు ఎనిమిదో నెల నడుస్తోంది. కింద రెండు పళ్లు వస్తున్నాయి. ఒకటే చొంగ, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది, రాత్రిళ్లు ఎత్తుకుని తిరగాల్సిందే. నా భార్యకు హోమియో అంటే బాగా నమ్మకం, చిన్నప్పుడు తనకు తుమ్ములు దాంతోనే తగ్గాయంటుంది. వాళ్ల అమ్మగారి ఊళ్లో షాపు నుంచి తెల్ల మాత్రలు తెప్పించి రోజుకు మూడు పూటలు వేస్తోంది, సీసా మీద చీటీ కూడా లేదు. అమెరికాలో ఉండే మా బావమరిది ఆంబర్ పూసల దండ పంపిస్తే అది మెడలో వేసే పడుకోబెడుతుంది. నేను మెడికల్ షాపులో చిగుళ్లకు రాసే జెల్ తెచ్చాను, రాయనివ్వదు. పోయిన నెల పాపకు మూడు రోజులు నీళ్ల మోషన్స్ అయ్యాయి. పళ్లొచ్చేటప్పుడు మామూలేనని మా అత్తమ్మ, నా భార్య ఒకటే మాట. చివరికి నేనే ఆసుపత్రికి తీసుకెళ్తే ఓఆర్ఎస్, జింక్ ఇచ్చారు, తగ్గింది. ఆ కోపంలో మాత్రల సీసా తీసుకెళ్లి మోరీలో పారేశాను. అప్పటినుంచి ఇంట్లో మాటల్లేవు. ఎవరిది కరెక్టో మీరే చెప్పండి.
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, ముందు మీరు తెచ్చిన జెల్ సంగతే మాట్లాడతాను, ఎందుకంటే మీ ఇంట్లో ఉన్నవాటిలో నాకు ఎక్కువ భయం వేసేవి అదీ, ఆ పూసల దండా. చిగుళ్లకు తిమ్మిరెక్కించే జెల్స్‌లో బెంజోకైన్ గానీ, లిగ్నోకైన్ గానీ ఉంటుంది. బెంజోకైన్ వల్ల అరుదుగానైనా రక్తం ఆక్సిజన్‌ను సరిగ్గా మోయలేకపోతుంది, పెదాలు, గోళ్లు నీలంగా మారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 మే నెలలో 2 ఏళ్ల లోపు పిల్లలకు అది వాడొద్దని గట్టిగా చెప్పింది. లిగ్నోకైన్ ద్రావణం గురించి 2014లోనే చెప్పింది, చొంగతో పాటు లోపలికి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె మీద ప్రభావం పడవచ్చు. ఇంకొన్నింట్లో కోలిన్ సాలిసిలేట్ ఉంటుంది, అది ఆస్పిరిన్ జాతిది, బ్రిటన్‌లో 2009 నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లకు వద్దంటున్నారు. ఇంత చేసీ, రాసిన కాసేపటికే చొంగలో కొట్టుకుపోతుంది. మెడికల్ షాపులో దొరికింది కాబట్టి మంచిదే అనుకున్నారు మీరు. మీ ఆవిడ రాయనివ్వకపోవడమే మంచిదైంది, ఆ మాట ఆమెకు మీ నోటితో చెప్పండి.

దండ ఈ రోజే తీసేయండి. ఆంబర్ అంటే గట్టిపడిన చెట్టు జిగురు, ఒంటి వేడికి అందులోంచి సక్సినిక్ యాసిడ్ అనే పదార్థం వచ్చి నొప్పి తగ్గిస్తుందనేదానికి ఆధారం లేదు. 18 నెలల బిడ్డ నిద్రలో అలాంటి దండే మెడకు బిగుసుకుని చనిపోయిన విషయం ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో ఇచ్చిన హెచ్చరికలో ఉంది. పూస ఊడితే గొంతులో పడుతుంది. బావమరిది ప్రేమతోనే పంపాడు, ఫోటో తీసి పంపించి దండను బీరువాలో పెట్టేయండి, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇక మాత్రలు. పళ్లకని మన దగ్గర హోమియోలో ఎక్కువగా ఇచ్చేది కల్కేరియా ఫాస్, అంటే కాల్షియం ఫాస్ఫేట్‌తో చేసేది. దాని మీద రాసే 6ఎక్స్ అంటే పదో వంతుకు ఆరుసార్లు పలుచన చేసింది, అంటే మందు 10 లక్షల్లో ఒక వంతు, మిగతాదంతా పాల చక్కెర. దాంతో పళ్లకు కాల్షియం అందదు, నొప్పి తగ్గుతుందని చెప్పడానికి నాకు ఆధారం కనబడదు, కాబట్టి నేను ఇవ్వమని చెప్పను. మరి తగ్గినట్టు ఎందుకనిపిస్తుంది? పన్ను బయటపడే ముందు ఒక 4 రోజులు, పడ్డాక ఒక 3 రోజులు బిడ్డ చికాకుగా ఉంటుంది, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది, ఆ వారంలో ఏది వేస్తే పేరు దానికి వస్తుంది. నా అసలు టెన్షన్ మాత్రం చీటీ లేని సీసా. అమెరికాలో పళ్లకని అమ్మిన కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపు మొక్క సారం ఒక్కో మాత్రలో ఒక్కో మోతాదులో ఉందని, చీటీ మీద రాసినదానికంటే ఎంతో ఎక్కువ కూడా ఉందని 2017లో పరీక్షల్లో తేలింది. దానివల్ల బిడ్డ మత్తుగా పడుండటం, ఒళ్లు ఎర్రబడటం, మూత్రం రాకపోవడం, ఫిట్స్ ఇవన్నీ ఉంటాయి. మీ సీసాలో ఏముందో మీకూ తెలియదు, మీ ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. సీసా పోయింది మంచిదే, కానీ మోరీలో పారేయడం లొల్లికి తప్ప దేనికీ పనికిరాలేదు.

అసలు విషయానికి వస్తాను. జెల్ కన్నా, మాత్ర కన్నా పెద్ద ప్రమాదం మీ ఉత్తరంలో ఒక్క మాటలో ఉంది, "పళ్లొచ్చేటప్పుడు మామూలే" అని. పళ్లకు చొంగ కారుతుంది, చిగురు ఉబ్బుతుంది, ఒళ్లు కొంచెం వెచ్చబడుతుంది. 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం పళ్ల వల్ల రాదు. నీళ్ల మోషన్స్ కూడా రావు. సరిగ్గా 6 నెలలు దాటాకే తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతుంది, అన్నప్రాసన అయి బయటి తిండి మొదలవుతుంది, పాకుతూ చెప్పుల దగ్గర్నుంచి రిమోట్ దాకా అన్నీ నోట్లో పెట్టుకుంటారు. క్రిములు కడుపులోకి పోయేది అలా. పాలపళ్లు 20, అవి దాదాపు మూడేళ్లు నిండేదాకా వస్తూనే ఉంటాయి, అంటే ఆ వయసులో ఎప్పుడు జ్వరమొచ్చినా ఏదో ఒక పన్ను కనిపిస్తుంది, నెపం దాని మీద పెట్టడం చాలా తేలిక. మీ అత్తమ్మను తప్పుపట్టకండి, ఆమె పెద్దవాళ్లు ఆమెకు చెప్పిందే ఆమె చెప్పింది. కానీ ఈసారి మోషన్స్ మొదలైన పూటే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో కలిపి, ప్రతి మోషన్ తర్వాత పావు కప్పు నుంచి అర కప్పు చెంచాతో కొంచెం కొంచెంగా తాగించండి, తల్లిపాలు ఆపొద్దు. జింక్ ఆ వయసుకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు, మోషన్స్ ఆగినా ఆపకుండా. నడినెత్తి గుంట పడినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరు గంటలైనా డైపర్ తడవకపోయినా, మలంలో రక్తం కనిపించినా, రాత్రనకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని పిల్లల డాక్టర్ దగ్గరికో వెళ్లాలి, బండి లేకపోతే 108.

నొప్పికి ఏం చేయాలంటారా? శుభ్రంగా కడిగిన చూపుడు వేలితో ఉబ్బిన చిగురు మీద ఓపిగ్గా ఒత్తండి, మొదట మొహం తిప్పుకుంటుంది, తర్వాత ఆ వేలినే పట్టుకుని నములుతుంది. తడిపిన కాటన్ గుడ్డను ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి, గడ్డకట్టించొద్దు. స్టీల్ చెంచా చల్లగా చేసి పెట్టినా సరిపోతుంది. చొంగతో గడ్డం ఎర్రబడితే తుడిచి కొబ్బరినూనె రాయండి. బాగా ఏడుస్తుంటే పారాసిటమాల్, అదీ బరువును బట్టి డాక్టర్ రాసిన మోతాదులోనే. డ్రాప్స్‌కి, సిరప్‌కి తేడా చూసుకోండి: డ్రాప్స్ 1 ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములు, మామూలు సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 ఎంఎల్ పోస్తే నాలుగింతలు అవుతుంది. ఏడాది లోపు తేనె నాకించొద్దు, లవంగ నూనె రాయొద్దు, బ్రాందీ అసలే వద్దు.

మీ ఆవిడతో కూర్చుని ఒక్కటే ఒప్పందం చేసుకోండి: పాప నోట్లోకి ఏది వెళ్లినా ఇద్దరికీ తెలియాలి, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాలి, జ్వరం, మోషన్స్ వస్తే ఇంట్లో చర్చ లేకుండా డాక్టర్. ఇద్దరూ కలిసి వెళ్లండి, ఆమె ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. హోమియో తన ఒంటికి వాడుకుంటానంటే అది ఆమె ఇష్టం, దాన్ని వెక్కిరిస్తే ఈ మాటలేవీ ఆమె చెవికెక్కవు.

ప్రశ్న: డాక్టరమ్మా, మా మనవడికి పదకొండు నెలలు నిండాయి, ఒక్క పన్నూ రాలేదు. కాల్షియం సిరప్ తాపాలా?
- ఒక నానమ్మ, నర్సంపేట

జవాబు: వద్దమ్మా. కొందరికి నాలుగో నెలలో వస్తాయి, కొందరికి ఏడాది దాటాక వస్తాయి, చాలాసార్లు ఇది ఇంటి పోలిక, మీ అబ్బాయికి, కోడలికి ఎప్పుడొచ్చాయో గుర్తు చేసుకోండి. బాబు బరువు పెరుగుతూ, పట్టుకుని నిలబడుతూ ఉంటే కంగారు అక్కర్లేదు. 18 నెలలకూ రాకపోతే పళ్ల డాక్టర్‌కు చూపించండి. డాక్టర్ రాసిన విటమిన్ డి చుక్కలు, రోజుకు 400 యూనిట్లు, ఏడాది నిండేదాకా మానకండి. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే మెత్తని బ్రష్ మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్ పెట్టి రెండు పూటలా తోమండి.