మీ నాన్నను పరుగులు పెట్టించకు

చిరంజీవి అమ్మలుకు,
అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక చూశాను. మూడు రోజుల్లో స్టోన్‌హెంజ్, డర్డిల్ డోర్, బ్రౌన్‌సీ దీవి, ఆపైన ఆక్స్‌ఫర్డ్! మీ నాన్న మోకాళ్ల సంగతి గుర్తుండే రాశావా? అన్నయ్య పైకి ఒక్క మాట అనడు. రాత్రి అందరూ పడుకున్నాక నూనె రాసుకుంటూ కూర్చుంటాడు. స్టోన్‌హెంజ్ ఒక్కటి ఉంచు, అదీ లండన్ నుంచి వచ్చే దారిలో చూసుకోండి. మిగతావి కొట్టేసి మా సౌత్‌బోర్న్ చుట్టుపక్కలే తిరగండి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్‌కు తూర్పు కొసన ఉన్న ఈ పేటలో ఇరవై ఏడేళ్లుగా ఉంటున్నాను. ఎంతమంది చుట్టాలను తిప్పానో లెక్కలేదు. పరుగెత్తి చూసినవాళ్లకు ఫోటోలు తప్ప ఏమీ మిగల్లేదు.

మొదటి రోజు హెంగిస్ట్‌బరీ హెడ్‌కు వెళ్లండి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అది. ఎత్తు 36 మీటర్లే. పది గంటలు దాటితే జులైలో కారు పెట్టే చోటు దొరకదు, పెందలాడే బయలుదేరండి. మొదట్లోనే రెండు పెద్ద మట్టికట్టలు అడ్డంగా కనిపిస్తాయి. జనం వాటిని చూడకుండానే దాటిపోతారు. ఇనుప యుగంలో ఇక్కడున్న రేవు పట్టణానికి అవే కోటగోడలు. రెండు వేల ఏళ్ల కిందట ఫ్రాన్సు వైపు నుంచి మట్టి కూజాల్లో ద్రాక్షసారా ఇక్కడే దిగేది.

కొండమీదికి నువ్వూ అమ్మా నడవండి. నాన్నను మాత్రం కింద రోడ్డు రైలెక్కించు. పట్టాలు ఉండవు, చిన్న పెట్టెలు లాక్కుంటూ మడ్‌ఫర్డ్ ఇసుకమేట దాకా వెళ్తుంది. కొండ అవతలి వైపు దిగేటప్పుడు మెట్లున్నాయి, వాటితోనే మోకాళ్లకు పని పడుతుంది. పైనుంచి ఒక పక్క వైట్ దీవి తెల్లటి రాళ్లు, ఇంకో పక్క క్రైస్ట్‌చర్చ్ హార్బర్, దాని వెనుక పాత చర్చి గోపురం కనిపిస్తాయి. లండన్‌లో పెద్ద దుకాణం పెట్టిన సెల్‌ఫ్రిడ్జ్ దొర ఒకప్పుడు ఈ కొండను కొని పెద్ద కోట కట్టాలనుకున్నాడు. కట్టలేదు కాబట్టి మనం నడవగలుగుతున్నాం.

నాన్నకు ఒక్క విషయం తప్పక చెప్పు. 19వ శతాబ్దం మధ్యలో ఒక వ్యాపారి ఇక్కడి ఇనుపరాళ్లను తవ్వించి అమ్ముకున్నాడు. తీరంలో అలలను అడ్డుకునేవి ఆ రాళ్లే. అవి పోయాక సముద్రం కొండను కొరకడం మొదలుపెట్టింది. చివరికి 1938లో సముద్రంలోకి పొడవైన రాతికట్ట వేయాల్సి వచ్చింది. ఇది వినగానే అన్నయ్య మన ఏటి ఇసుక తవ్వకాల మీద గంటసేపు ఉపన్యాసం ఇస్తాడు. ఇవ్వనీ.

ఇసుకమేట మీద వరసగా చెక్క గుడిసెలుంటాయి. ఒక్క గది, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి, చలికాలంలో రాత్రి పడుకోవడానికి వీల్లేదు. అయినా మూడు లక్షల పౌన్లు దాటి అమ్ముడుపోయినవి ఉన్నాయి. దాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పకు, మీ నాన్న అక్కడే కూలబడతాడు.

తిరుగు ప్రయాణం రైల్లో వద్దు. ఇసుకమేట నుంచి మా పక్క పేట టక్టన్ దాకా పడవ ఉంది. హార్బర్ దాటి, క్రైస్ట్‌చర్చ్ రేవులో ఆగి, స్టూర్ నదిలోకి మళ్లుతుంది. హంసలు, రెల్లు, ఒడ్డున ఇళ్ల తోటలు... నాకైతే ఈ ఊళ్లో దీన్ని మించింది లేదు. దిగాక నాన్నకు చెప్పు: రష్యాలో నిషేధించిన టాల్‌స్టాయ్ రచనలను 1900ల మొదట్లో ఆయన శిష్యుడు చెర్ట్‌కోవ్ టక్టన్‌లో ఉండి అచ్చు వేయించాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కుర్రతనంలో మాస్కో నుంచి వచ్చే తెలుగు పుస్తకాల కోసం విశాలాంధ్ర దుకాణం చుట్టూ తిరిగిన మనిషికి ఖాళీ వీధైనా చాలు.

రెండో రోజు క్రైస్ట్‌చర్చ్. చర్చి కట్టడం 1094లో మొదలైంది. స్థలపురాణం అడుగుతుంది మీ అమ్మ, చెప్పు: పైకప్పు దూలం పొట్టిగా కోశారట. వడ్రంగులు తల పట్టుకొని ఇళ్లకు పోయారు. తెల్లారేసరికి దూలం సరిపోయి, దాని చోట అది అమరి ఉంది. తమతో పనిచేసి కూలి తీసుకోని కొత్త వడ్రంగి క్రీస్తే అనుకున్నారు. ట్వైనమ్ అనే ఊరి పేరు క్రైస్ట్‌చర్చ్‌గా, అంటే క్రీస్తు చర్చిగా, మారింది అందుకే. ఆ దూలాన్ని ఇప్పటికీ చూపిస్తారు.

సాయంత్రం ఫిషర్‌మన్స్ వాక్. పైన్ చెట్ల నీడన నడిచి కొండ అంచుకు వస్తే 1935 నాటి లిఫ్ట్ బండి ఉంది. నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. కిందికి నిమిషంలో దించుతుంది. ఆ ఇసుక మీద కూర్చోండి కాని, కొండ గోడకు ఆనుకొని కాదు. 2016లో ఇదే తీరంలో ఈస్ట్ క్లిఫ్ దగ్గర కొండ జారి అక్కడి లిఫ్ట్ పాడైంది.

మీ నాన్న ఎలాగూ "మన సూర్యలంక కంటే ఏముంది?" అంటాడు. వాదించకు. నీళ్లలో పాదం పెట్టగానే తేడా తెలుస్తుంది, నడి వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. దిగేదుంటే తీరం కాపలావాళ్లు పాతిన ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగాలి. అమ్మ చీర మీదికి గాలి ఆపే కోటు తప్పనిసరి. పులిహోర కట్టిస్తాను కాని, మూత తీసి ఒడిలో పెట్టుకోవద్దు. ఇక్కడి సముద్రపు కాకులు మీ మామయ్య చేతిలోని గారెను నోటి దాకా రాకముందే ఎత్తుకుపోయాయి.

పడవ వేళలు గాలిని బట్టి మారుతుంటాయి. ముందు రోజు రాత్రి చూసి నాకు ఫోను చెయ్యి. టక్టన్ రేవు దగ్గర కారుతో ఉంటాను.

మీ అత్తయ్య