కంబోడియా వెళ్తున్న అమ్మాయికి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

వందనాలు. బట్టంబాంగ్ దగ్గరి పల్లెలో పిల్లలకు ఇంగ్లీషూ బైబిలూ చెప్పడానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. "ఏం తీసుకెళ్లాలి పెద్దమ్మా" అని అడిగావట. సామాన్ల సంగతి తర్వాత. ముందు మనసులో గట్టిగా పెట్టుకోవాల్సింది ఒకటి ఉంది: ఇంగ్లీషు గంట ఇంగ్లీషు గంటే, బైబిలు గంట బైబిలు గంటే. రెండూ కలపొద్దు.

ఇంగ్లీషు వస్తుందని పంపిన తల్లికి, పిల్ల ఇంటికొచ్చి సగం సేపు పాటలూ ప్రార్థనే జరిగాయని చెబితే మోసపోయాననిపిస్తుంది. ఆ మాట ఊరంతా పాకడానికి రెండు రోజులు చాలు. అక్కడ రాజ్యాంగం ప్రకారం బౌద్ధం రాజ్యమతం. మత స్వేచ్ఛ ఉంది, సంఘాలు నమోదు చేసుకుని ఆరాధన జరుపుకుంటాయి. కానీ ఇల్లిల్లూ తిరిగి ప్రకటించడం కుదరదు. కరపత్రాలు ప్రార్థనా స్థలం లోపలే పంచాలి. డబ్బో వస్తువులో ఆశ చూపి మతం మార్చడాన్ని చట్టమే నిషేధించింది. ఉచిత ఇంగ్లీషు కూడా అలాంటి ఆశేనని ఎవరైనా అంటే నీ దగ్గర సూటి జవాబుండాలి. గోడ మీద వాళ్ల భాష ఖ్మేర్‌లో బోర్డు పెట్టు: సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంగ్లీషు, ఆదివారం ఉదయం బైబిలు కథలు, తల్లిదండ్రుల సంతకంతో మాత్రమే. ఆదివారం రాని పిల్లకూ అదే నోటుబుక్కు, చాప మీద అదే చోటు, అదే చిరునవ్వు దక్కాలి. వచ్చేవాళ్లకు బిస్కెట్ ప్యాకెట్టు అదనంగా ఇచ్చావంటే కట్టినదంతా కూలిపోతుంది.

ఈ పాఠం మన నేల మీదే ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలిపని ఇచ్చాడు. సహాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ సాయం అయిపోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆయన ఆగిన నెలలే నాకు ఎక్కువ విలువైనవి.

ఇక భాష. 1903లో తెలుగు బాప్టిస్టులు పంపగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిన జాన్ రంగయ్యగారికి అక్కడ తెలుగువాళ్లే ఎదురయ్యారు. నీకు ఆ వెసులుబాటు లేదు. మొదటి మూడు నెలలు క్లాసు తెరవొద్దు. రోజుకు రెండు గంటలు ఖ్మేర్ నేర్చుకో, సాయంత్రం బజారుకెళ్లి నేర్చిన పది మాటలూ వాడు. తెలుగు వచ్చిన దానికి ఆ లిపి అంత పరాయిది కాదు. క, ఖ, గ, ఘ, ఙ వరస అదే. శాల అక్కడ 'సాలా', అక్షరం 'అక్సా', గురువు 'క్రూ'. ఆడ టీచరును 'నేక్ క్రూ' అంటారు, నిన్నూ అలాగే పిలుస్తారు. భూమి అనే మన మాటే అక్కడ 'ఫూమ్' అయి ఊరనే అర్థంలో నిలిచింది. ఊరి పెద్ద 'మే ఫూమ్'. క్లాసు పెట్టే ముందు కలవాల్సిన మొదటి మనిషి ఆయనే. కష్టమంతా అచ్చుల దగ్గర. హల్లులు రెండు జట్లు, జట్టును బట్టి అచ్చు పలుకు మారుతుంది. మొదటి అక్షరం 'కా', మూడోది 'కో'. అక్కడ చాలామంది విసిగి వదిలేస్తారు. వదలొద్దు.

సర్కారు బడి అక్కడ చాలాచోట్ల ఒక పూటే ఉంటుంది, పొద్దున కొందరు, మధ్యాహ్నం కొందరు. అందుకని సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి దాకా అందరికీ వీలైన సమయం. ఒక క్లాసులో ఇరవై ఐదు మందికి మించొద్దు. వయసును బట్టి కాక, వచ్చిన ఇంగ్లీషును బట్టి విడదీయి. అయితే పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఏడేళ్లవాళ్ల మధ్య కూర్చోబెడితే వారంలో మానేస్తాడు. పెద్దవాళ్లకు అక్షరాలు వేరే పూట అరగంట చెప్పు.

అరవై నిమిషాలను ఇలా నడుపు. ఐదు నిమిషాలు పలకరింపు, పది నిమిషాలు నిన్నటి మాటలు. పదిహేను నిమిషాలు కొత్త మాటలు, ఆరు లేదా ఏడు, అంతకంటే ఒక్కటీ ఎక్కువ వద్దు. ఇంకో పదిహేను ఇద్దరిద్దరుగా మాట్లాడించు, పది నిమిషాలు రాయించు, చివరి ఐదు ఆట. ఆపిల్, మంచు బొమ్మలున్న పుస్తకాలు మోసుకెళ్లకు. మామిడికాయ, గేదె, పడవ, వరి, టుక్‌టుక్, ఊయల మంచం, ఇలా వాళ్ల కళ్లెదుటి వాటినే ఏ4 అట్టల మీద గీసి లామినేషన్ చేయించు. వానాకాలంలో లామినేషన్ లేని కాగితం నెల కూడా నిలవదు.

ఒక విషయం దగ్గరగా చూపిస్తాను. బోర్డు మీద 'బస్' అని రాశావనుకో. నీ నోట తెలియకుండానే 'బస్సు' వస్తుంది, ఎందుకంటే మాట చివర అచ్చు లేకపోతే మన నాలుక ఊరుకోదు. వాళ్ల భాషలో మాట చివర 'స' రాసినా పలికేది 'హ'. కాబట్టి వాళ్ల నోట 'బహ్' వస్తుంది. నువ్వు ఒకటి తగిలిస్తున్నావు, వాళ్లు ఒకటి మింగేస్తున్నారు. ముందు నిన్ను నువ్వు దిద్దుకో: ఫోన్‌లో రికార్డు చేసుకుని 'బుక్కు', 'పెన్ను', 'రైసు'ల చివరి అచ్చు తీసేసేదాకా రోజూ పది నిమిషాలు చదువు. తర్వాత పిల్లలకు ఒక చేతి వేలు రెండో చేతి మీద భుజం నుంచి మణికట్టు దాకా పాములా జరుపుతూ 'బస్స్స్' అనిపించు. వేలు మణికట్టు చేరేదాకా 'స్' ఆగకూడదు. 'రైస్', 'హౌస్', 'ఐస్' అన్నీ ఇదే ఆటతో వారంలో కుదురుతాయి. 'క్యాట్', 'బ్యాక్' లాంటి మాటల చివరి హల్లును వాళ్లు పెదవి దాటనివ్వరు. అది పెద్ద తప్పు కాదు, అర్థమైతే వదిలేయి.

రాతలో ఇంకొకటి. ఖ్మేర్‌లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, వాక్యమంతా ఒకే తీగలా సాగుతుంది. అందుకే పిల్లలు ఇంగ్లీషు కూడా అలాగే అతికించి రాస్తారు. అది నిర్లక్ష్యం కాదు, కసరొద్దు. ఎడమచేతి చూపుడువేలు మాట పక్కన ఆనించి, వేలికి అవతల తర్వాతి మాట రాయమను. రెండు వారాల్లో వేలు అక్కర్లేకుండా పోతుంది. వాళ్ల క్రియకు కాలాన్ని బట్టి రూపం మారదు, నామవాచకానికి బహువచనపు గుర్తు ఉండదు. నిన్న అన్న మాట వేసి క్రియను అలాగే ఉంచేస్తారు. మొదటి ఏడాది గతకాలం మీద యుద్ధం చేయకు, మాట్లాడే ధైర్యం పోతుంది.

అందరూ కలిసి గట్టిగా అరిచి చెబితే వచ్చేసిందని పొరబడతాం. కొత్త టీచర్లు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే. అందరితో అనిపించాక జంటలతో, ఆ తర్వాత రోజుకు ఐదుగురితో విడిగా చెప్పించు, పేర్లు పుస్తకంలో గుర్తుపెట్టుకో. రానివాణ్ణి నలుగురిలో నిలబెట్టొద్దు. ముఖం చిన్నబోతే మళ్లీ రాడు. పక్కన కూర్చుని నెమ్మదిగా అడుగు. 'మై ఫ్యామిలీ' పాఠం దగ్గర మరీ జాగ్రత్త. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో ఆత్మీయుల్ని పోగొట్టుకోని ఇల్లు అరుదు, చదువుకున్నవాళ్లనూ టీచర్లనూ వెతికి చంపారు. ఆ ప్రాంతం నుంచి కూలికి థాయ్‌లాండ్ వెళ్లిన తల్లిదండ్రులూ ఎక్కువే, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. కాబట్టి 'మీ నాన్న ఏడీ' అని అడిగే పాఠం వద్దు. 'ఇంట్లో నీతో ఎవరుంటారు' అని మార్చుకో.

బైబిలు గంటలో నీకు అడ్డొచ్చేది తెలిసిన మాటలే. పాపం అక్కడ 'బాప్', పుణ్యం 'బోన్'. వినగానే మన మాటే కదా అని సంబరపడతావు. ఆ పిల్లకు 'బాప్' అంటే చీమను చంపితే అంటుకునేది, 'బోన్' అంటే భిక్షువుకు అన్నం పెడితే చేరేది. యోహాను 3:16లోని నిత్యజీవం అన్న మాట వింటే, మళ్లీ మళ్లీ పుట్టే ఈ బతుక్కి అంతే లేదన్నట్టు వాళ్ల చెవిన పడుతుంది, శుభవార్తలా ఉండదు. కాబట్టి వాక్యాలు కంఠస్థం చేయించడంతో మొదలుపెట్టకు. సృష్టి నుంచి వరసగా కథ చెప్పు, వారానికి ఒకటి, ఇరవై నిమిషాలు, తర్వాత బొమ్మ గీయడం, మూడు ప్రశ్నలు. చేసిన దేవుడెవరో తెలిశాకే తప్పిపోవడం అర్థమవుతుంది, తప్పిపోవడం తెలిశాకే వెతికి వచ్చిన కాపరి అర్థమవుతాడు. కథను స్థానిక విశ్వాసి చేత ఖ్మేర్‌లో చెప్పించు, నువ్వు పక్కన బొమ్మలు పట్టుకో. వాళ్ల బుద్ధుణ్ణీ గుడినీ ఒక్క మాట అనకు, వేరేవాళ్లు అంటే నవ్వకు కూడా. పిల్లలు బాప్తిస్మం అడిగితే, పెద్దవాళ్లయ్యేదాకా ఆగమనీ, ముందు ఇంట్లో చెప్పమనీ నచ్చజెప్పు.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపూ కిటికీలూ తెరిచి ఉండాలి. ఒక్క పిల్లను బండి మీద ఒంటరిగా ఎక్కించుకోవద్దు. ఇక్కడ ముద్దుగా తల నిమురుతాం, అక్కడ తల తాకకూడదు. కాళ్లు ఎవరివైపూ చాపొద్దు. ఆడవాళ్లం భిక్షువులను తాకకూడదు, చేతికి చేయి తగిలేలా వస్తువు అందించకూడదు. పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. వాళ్ల పేదరికాన్ని ఫోటో తీసి కానుకలు అడగడం ఆ పిల్లల మీద దొంగతనం చేయడమే అని నా నమ్మకం.

కాగితాలు. టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పొద్దు. దేశంలో పొడిగించుకోగలిగిన 'ఇ' తరగతి వీసా తీసుకో, వర్క్ పర్మిట్ ఎవరు చేయిస్తారో పిలిచిన సంస్థ చేత రాతపూర్వకంగా చెప్పించుకో. పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకో. పిల్లలతో పనిచేసేవాళ్లను అది అడగని సంస్థను నేనైతే నమ్మను. 2024లో ఉద్యోగాల పేరుతో కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాల పనిలో బంధించిన మన విశాఖ కుర్రాళ్ల సంగతి తెలిసిందే. కాబట్టి ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు ఎక్కువే ఉంటాయి. ఆహ్వాన పత్రం, అక్కడి చిరునామా, ఫోన్ నంబరు చేతిలో ఉంచుకో. పాస్‌పోర్ట్ ఎవరు దాచిపెడతామన్నా ఇవ్వొద్దు. చేరిన వారంలో ఫ్నాంపెన్‌లోని భారత ఎంబసీలో పేరు రాయించుకో. 2025లో థాయ్ సరిహద్దులో పోరు జరిగింది, ఎంబసీ సూచనలు చూస్తూ ఉండు. సంఘం ట్రస్టు నుంచి నెలనెలా డబ్బు పంపుదామంటున్నారు కదా, ముందు ఆడిటరును అడగమను. విదేశంలో ఖర్చుపెట్టిన ట్రస్టు ఆదాయానికి మామూలుగా పన్ను మినహాయింపు రాదు.

అక్కడ వాళ్ల డబ్బు రియెల్‌తో పాటు డాలర్లూ చెల్లుతాయి, డాలరుకు సుమారు 4,000 రియెల్. కొంచెం చిరిగిన డాలరు నోటు కూడా తీసుకోరు, మార్చుకునేటప్పుడు ఒక్కొక్కటీ చూసుకో. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, వానాకాలంలో క్లాసు గది చుట్టూ నీళ్ల కుండలు మూతపెట్టించు. రేబిస్ ముందస్తు టీకా ఇక్కడే వేయించుకో, కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లు. ఆ జిల్లాల్లో యుద్ధకాలపు మందుపాతరలు ఇంకా ఉన్నాయి. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు దాటొద్దు, పిల్లలు చూపించినా కొత్త అడ్డదారి తొక్కొద్దు. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, సెప్టెంబరు–అక్టోబరులో పితృదేవతలను తలచుకునే ఫ్చుమ్ బెన్ పదిహేను రోజులు, ఆపై వరికోతలు. అప్పుడు క్లాసు ఖాళీ అవుతుంది, నిన్ను వదిలేశారని కుంగిపోకు. సెలవులు ముందే బోర్డు మీద రాసిపెట్టు.

వెళ్లిన మొదటి నెలలోనే నీ తర్వాత ఈ క్లాసు నడపగల స్థానిక అమ్మాయిని ఒకరిని చూసుకో. మొదటి ఏడాది నీ పక్కన కూర్చోబెట్టు, రెండో ఏడాది తనే చెబుతుంటే నువ్వు వెనకాల కూర్చో. పాఠాల పుస్తకం ఖ్మేర్‌లో తన చేతిరాతతోనే ఉండనీ.

ఈ నెలాఖరులో వీసా కాగితాలు తీసుకుని ఇంటికి రా. అట్టల బొమ్మలు ఇద్దరం కూర్చుని గీద్దాం.

ప్రభువునందు,
మీ పెద్దమ్మ