టీవీలో చూపించడం మానేస్తే కలరా పోయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్. పోయిన నెల మా చుట్టుపక్కల ఊళ్లలో వాంతులు, విరేచనాలు ఎక్కువయ్యాయి. కలరా అన్నారు. రోజూ టీవీలో చూపిస్తుంటే భయపడి అందరం నీళ్లు మరిగించి తాగాం. ఇప్పుడు ఛానళ్లు ఆ ఊసే ఎత్తడం లేదు. "తగ్గిపోయింది కాబట్టే చూపించట్లేదు, ఇంకా గ్యాస్ దండగ ఎందుకు?" అంటున్నారు మా అత్తగారు. వీధిలోనూ ఎవరూ మరిగించడం లేదు. నాకు మూడేళ్ల బాబు ఉన్నాడు. నేనొక్కదాన్నే అతి చేస్తున్నానా?
- ఓ పాఠకురాలు

జవాబు: లేదమ్మా, మీరు చేస్తున్నది సరైన పనే. మానకండి.

మీరు చూసే తెలుగు ఛానళ్లు హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో వార్తలిస్తాయి. ఇంకో పెద్ద వార్త రాగానే మీ ఊరు తెర మీద నుంచి పోతుంది. కలరా క్రిమి అలా పోదు. అది ఒంట్లో చేరినా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు, కానీ 1 నుంచి 10 రోజుల దాకా వాళ్ల మలంలో క్రిమి బయటికి వస్తూనే ఉంటుంది. వానల్లో అది పగిలిన కుళాయి పైపులోకి చేరడానికి ఎంతసేపు? ఎప్పుడు ఆపాలో మీ ఆశా దీదీని, ప్రభుత్వ ఆసుపత్రిని అడగండి. మైకులో ఒడియాలో చెప్పింది ఇంట్లో పెద్దవాళ్లకు అర్థం కాకపోతే మీరే విడమరిచి చెప్పండి.

వీధిలో ఎవరూ మరిగించడం లేదన్నారు చూశారా, నాకు అసలు టెన్షన్ అదే. భయంతో జాగ్రత్తలు పాటించేది నాలుగు రోజులే. ఆ తర్వాత పక్కింటివాళ్లను చూసి నడుచుకుంటాం. కరోనా అప్పుడు మాస్కుల్లేని సంతలను ఛానళ్లు పదేపదే చూపించాయి. మందలించడానికే చూపించినా, చూసినవాళ్లు 'అయితే ఎవరూ పెట్టుకోవట్లేదన్నమాట' అనుకున్నారు. పెట్టుకున్నవాళ్లను చూపించి ఉంటే ఎంతో మేలు జరిగేదని నా గట్టి నమ్మకం. అందుకే అత్తగారితో వాదన వద్దు. మరిగించే ఇల్లు వీధిలో ఇంకొకటైనా ఉంటుంది. ఆ ఇంటావిడతో అత్తగారికి ఓ మాట చెప్పించండి.

గ్యాస్ సంగతంటారా, నీళ్లు కళపెళా మరిగాక ఒక్క నిమిషం చాలు. చల్లారాక మూత పెట్టి, పొడుగు కాడ ఉన్న గరిటెతోనే తీయండి. గ్లాసుతో పాటు చెయ్యి ముంచితే మరిగించిందంతా వృథా.

బాబుకి విరేచనాలు మొదలైతే నీళ్లు పట్టొద్దనే మాట నమ్మకండి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. 24 గంటలు దాటితే పారబోయండి. జింకు మాత్ర 20 మి.గ్రా. రోజుకొకటి, 14 రోజులు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, మగతగా పడుకున్నా, తాగలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ అదే నంబరు.