జూలియా చైల్డ్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ చిత్తుప్రతి చదివాను. పుట్టుక, పెళ్లి, పారిస్ కలిసి నాలుగు పేరాలు తినేశాయి. అమెరికా ఇళ్లకు ఫ్రెంచ్ వంట నేర్పిన ఆవిడ, ఆ వంట చెప్పిన తీరుకు మిగిలింది ఒక్క వాక్యం. దీన్ని తిరగెయ్. 1949లో పారిస్‌లోని వంట బడి కార్డాన్ బ్లూలో చేరడం, 1961లో సిమోన్ బెక్, లూయిసెట్ బెర్తోల్‌తో కలిసి ఫ్రెంచ్ వంటల పుస్తకం తేవడం, 1963 నుంచి బోస్టన్‌లో 'ది ఫ్రెంచ్ షెఫ్' టీవీ కార్యక్రమం. ఇవి రెండు వాక్యాల్లో సర్దుకుంటాయి.

కోడి కింద పడితే ఎత్తి వండిందన్న ముచ్చట కొట్టెయ్, అది పుకారు. పడింది బంగాళాదుంప అట్టు, అదీ నేల మీద కాదు. ఎగరేసి తిప్పబోతే చెదిరి పొయ్యి మీద పడింది. ముక్కలు ఏరి మళ్లీ పెనంలో వేసి, వంటింట్లో మీరొక్కరే కదా, ఎవరు చూస్తారు అంది.

ఇక అసలు విషయం, మయోనైజ్, అంటే పచ్చసొనలో నూనె గిలక్కొట్టి చేసే చిక్కటి సాస్. "నూనె కొద్దికొద్దిగా కలపాలి" అని రాసి ఊరుకున్నావు. కొద్దిగా అంటే ఎంత? ఆవిడ పుస్తకంలో లెక్క ఉంది: ఒక పచ్చసొన పట్టే నూనె మహా అయితే ముప్పావు కప్పు, కొత్తవాళ్లు అర కప్పు దాటకపోవడం మంచిది. అది అమెరికా పెద్ద సైజు గుడ్డు లెక్క. మన గుడ్లు కాస్త చిన్నవి, ఆ మాటా చేర్చు. గిన్నెను వేడినీళ్లతో వెచ్చచేసి తుడవాలి. మూడు పచ్చసొనలు ఒకటి రెండు నిమిషాలు, జిగురుగా చిక్కబడేదాకా గిలక్కొట్టాలి. ఆపైన వెనిగర్ లేదా నిమ్మరసం, ఉప్పు, ఆవముద్ద. అప్పుడు నూనె, చుక్క చుక్కగా, చెయ్యి ఆపకుండా. మూడో వంతు కప్పు నుంచి అర కప్పు లోపలికి వెళ్లేసరికి మీగడలా చిక్కబడుతుంది. గండం గడిచినట్టే, ఇక చెంచాలతో పోయొచ్చు.

విరిగితే? నూనె తొందరపడి పోసి ఉంటారు, లేదా గుడ్లు ఫ్రిజ్‌లోంచి చల్లగా తీసి ఉంటారు. వెచ్చని గిన్నెలో చెంచాడు ఆవముద్ద, పెద్ద చెంచాడు విరిగిన సాస్ వేసి చిక్కబడేదాకా కొట్టి, మిగతాది చెంచా చెంచాగా కలిపితే మళ్లీ కుదురుతుంది. ఈ పేరా లేకుండా ఆవిడ గురించి రాస్తే దండగ.

బీఫ్ బూర్గిన్యోన్‌కు, అంటే ఎర్ర వైన్‌లో ఉడికించే గొడ్డుమాంసం కూరకు, ఒక్క మాట చాలు: ముక్కల తడి పూర్తిగా అద్దాలి. తడి ముక్క నూనెలో ఉడుకుతుంది తప్ప ఎర్రగా వేగదు.

పుస్తకం పేజీ కూడా చూపించు. ఎడమ పక్క దినుసులు, కుడి పక్క పని. ఏ అడుగులో ఏది పడుతుందో దానికి ఎదురుగానే ఉంటుంది. పొయ్యి మీద వెన్న కాగుతుంటే పైకి వెళ్లి జాబితా వెతుక్కోనక్కర్లేదు. మన వంటల పేజీల్లో "ఉప్పు తగినంత" పక్కన పెట్టి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

అన్నట్టు, ఒకచోట చైల్డ్ అనీ మరోచోట ఛైల్డ్ అనీ రాశావు. ఒకటే ఉంచు. రెండో ప్రతి వచ్చే వారం పంపు.