మెడ చూపించుకునే ముందు

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. నెలలో సగం రోజులు తలనొప్పితోనే పోతున్నాయని, ఆఫీసులో ఒకావిడ కైరోప్రాక్టర్, అదే వెన్నూ మెడా చేత్తో సరిచేసే ఆయన, దగ్గరికి వెళ్ళి తేరుకుందని, టెక్సస్‌లో ఫ్రిస్కోలో మీ ఇంటి పక్క సందులోనే ఒకాయన ఉన్నాడని రాశావు. వెళ్ళనా వద్దా పెద్దమ్మా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేసే సంగతి కాదని తీరిగ్గా రాస్తున్నాను. మొదట కాకినాడలో, తర్వాత హ్యూస్టన్‌లో వార్డుల్లో నర్సుగా చేసినదాన్ని. వయసులో ఉండగా ఈ పార్శ్వపు నొప్పితో, అదే మైగ్రేన్‌తో, తలుపులు బిగించుకుని చీకట్లో పడుకున్నదాన్ని కూడా.

ముందు నా మాట చెప్పేస్తాను. ఇప్పుడే వెళ్ళకు. మొదట న్యూరాలజిస్టుకు, అంటే నరాల డాక్టరుకు, చూపించుకో. ఆ తర్వాత కూడా వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, నేను అడ్డుచెప్పను. కానీ మెడ విరవడం, అంటే మెడను ఒక్క ఊపులో తిప్పి టక్కుమనిపించే పని, మాత్రం ఎవరి చేతా చేయించుకోకు.

"ముందు మెడ పట్టేస్తుంది, ఆ తర్వాతే తల మొదలవుతుంది, అంటే మూలం మెడలోనే ఉన్నట్టు కదా" అన్నావు. చాలామంది అక్కడే పొరబడతారు. ముఖం నుంచీ, తల పొరల నుంచీ నొప్పిని మోసుకొచ్చే నరమూ, మెడ పైభాగం నుంచి వచ్చే నరాలూ మెదడు కాండం దగ్గర ఒకేచోట కలుస్తాయి. అందుకే తలలో మొదలైన గొడవ మెడలో తెలుస్తుంది, మెడలోది తలలోనూ తెలుస్తుంది. మెడ బిగుసుకోవడం, ఊరికే ఆవలింతలు రావడం, చిరాకు, తీపి మీదికి మనసు పోవడం, ఇవన్నీ నొప్పికి కొన్ని గంటల ముందో, ముందురోజో కనిపించే మైగ్రేన్ లక్షణాలే. అంటే నీ మెడ పట్టేసే సరికే మైగ్రేన్ మొదలై ఉండొచ్చు.

మెడ వల్లే వచ్చే తలనొప్పి కూడా ఉందమ్మా, లేదనను. అది మామూలుగా ఒకే పక్కన ఉంటుంది, పక్క మారదు. మెడ తిప్పితే ఎక్కువవుతుంది, మెడ సరిగ్గా తిరగదు కూడా. నీకేమో ఒకసారి కుడి కణత, ఇంకోసారి ఎడమ కణత. వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, మెట్లెక్కితే తల అదరడం. వచ్చిన నొప్పి ఒకటిన్నర రోజు వదలదంటున్నావు. మందు వేసుకోకపోతే మైగ్రేన్ 4 నుంచి 72 గంటలు ఉంటుందని వైద్యశాస్త్రం లెక్క. ఇదంతా విన్నాక మూలం మెడలో ఉందని నాకు అనిపించడం లేదు. అయినా నీ జబ్బుకు పేరు పెట్టాల్సింది నేనూ కాదు, మీ ఆఫీసు ఆవిడా కాదు. పరీక్ష చేసి చెప్పే డాక్టరు చెప్పాలి.

ఇక కైరోప్రాక్టర్ల సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. దానికి రెండేళ్ళ తర్వాత, 1895లో, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ ఊళ్ళో డి.డి. పామర్ అనే ఆయన ఈ వైద్యం మొదలుపెట్టాడు. వెన్నుపూసలు తమ చోటు నుంచి జరగడం వల్లే చాలా రోగాలు వస్తాయని, వాటిని చేత్తో సరిచేస్తే పోతాయని ఆయన నమ్మకం. ఆ సిద్ధాంతం రుజువు కాలేదు. ఇప్పటివాళ్ళలో చాలామంది దాన్ని పక్కనపెట్టి నడుంనొప్పి, మెడనొప్పి వరకే చూస్తారు. నడుంనొప్పికి వాళ్ళ చేతి వైద్యంతో కొందరికి ఉపశమనం దొరకడం నేనూ చూశాను. టెక్సస్‌లో వాళ్ళకు చదువూ, పరీక్షలూ, రాష్ట్ర లైసెన్సూ ఉంటాయి. అయితే వాళ్ళు మందులు రాసే డాక్టర్లు కారు. బోర్డు మీద డాక్టర్ అని ఉంది కదా అని న్యూరాలజిస్టు చేయాల్సిన పనిని ఆయన మీద పెట్టకు.

మైగ్రేన్‌కు ఇది పనిచేస్తుందా అన్నదే నీ అసలు ప్రశ్న. నార్వేలో ఒక మంచి పరీక్ష చేశారు, ఫలితాలు 2017లో వచ్చాయి. మైగ్రేన్ ఉన్న 104 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు కైరోప్రాక్టర్ నిజంగా వెన్ను సరిచేశాడు. రెండో జట్టుకు అలాగే పడుకోబెట్టి, వెన్ను జోలికి పోకుండా, భుజాల దగ్గరా పిరుదుల దగ్గరా ఉత్తుత్తిగా నొక్కాడు. మూడో జట్టు తమ మామూలు మందులతోనే ఉంది. నిజం చికిత్స జట్టుకు నొప్పి రోజులు తగ్గాయి. ఉత్తుత్తి జట్టుకూ తగ్గాయి! రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. దీన్ని బట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, మీ ఆఫీసు ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆవిడకు నిజంగానే హాయిగా ఉండి ఉంటుంది. శ్రద్ధగా చూసే మనిషి, ఒళ్ళు సడలించి పడుకునే అరగంట, తగ్గుతుందన్న నమ్మకం, ఇవన్నీ పనిచేస్తాయి. పైగా మైగ్రేన్ దానంతట అదే కొన్ని నెలలు పెరిగి కొన్ని నెలలు తగ్గే జబ్బు. బాగా పెరిగినప్పుడే కదా మనం వైద్యుడి దగ్గరికి పరిగెత్తేది. ఆ హాయి కోసం మెడ విరిపించుకోనక్కర్లేదు.

మెడ గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో విను. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి పోతాయి. తల కిందుండే మొదటి పూస దగ్గర బాగా వంపు తిరుగుతాయి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు చేరవచ్చు. అదే పక్షవాతం. ఇది అరుదు, నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. మెడ విరవడమే కారణమని గట్టిగా రుజువు కాలేదనీ, అయితే రెండింటికీ సంబంధం కనిపిస్తోంది కాబట్టి చేయించుకునేవాళ్ళకు ముందే చెప్పాలనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ప్రకటించింది. ఇందులో ఇంకో చిక్కుంది. ధమని దానంతట అదే చిరిగినప్పుడు మొదట తెలిసేది మెడనొప్పీ, తలనొప్పే. అది తెలియక మనిషి మెడ విరిపించుకోవడానికి వెళ్తాడు. పైగా మైగ్రేన్ ఉన్నవాళ్ళలో ఈ ధమని చిరగడం మిగతావాళ్ళలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఎవరికైనా చెప్పే జాగ్రత్తే నీకు ఇంకాస్త గట్టిగా చెబుతున్నాను.

ఇది అమెరికా సంగతే అనుకోకు. 2022లో హైదరాబాదులో ఒకావిడ పార్లర్‌లో జుట్టు కడిగించుకోవడానికి మెడ వెనక్కి వంచి కూర్చుంటే పక్షవాతం లక్షణాలు వచ్చాయి. అక్కడి న్యూరాలజిస్టు ఒకాయన చెప్తే పేపర్లన్నీ రాశాయి. మన మంగలి షాపుల్లో క్రాఫు అయ్యాక తల పట్టుకుని అటూ ఇటూ టక్కుమనిపిస్తారే, అదీ ఇలాంటిదే. అల్లుడు ఇండియాకు వచ్చినప్పుడల్లా ఆ సేవ చేయించుకుంటాడు. మానేయమని నా మాటగా చెప్పు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా దిగులు పుట్టించిన సంగతి. వారంలో నాలుగైదు రోజులు ఎక్సెడ్రిన్ అనే తలనొప్పి మాత్ర వేసుకుంటున్నానని మధ్యలో ఒక్క వాక్యం రాసి వదిలేశావు. తల్లీ, నీ తలనొప్పి ఇంతగా పెరగడానికి ఆ మాత్రే కారణం కావచ్చు. దానిలో ఎసిటమినోఫెన్ (మన పారాసెటమాలే), ఆస్పిరిన్‌తోపాటు ఒక్కో బిళ్ళలో 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇలాంటి కలగలుపు మాత్రలు, మైగ్రేన్‌కు వేసుకునే ట్రిప్టాన్ మాత్రలు నెలకు 10 రోజులూ ఆపైనా, ఎడ్విల్, టైలెనాల్ లాంటి ఉత్త నొప్పి మాత్రలు 15 రోజులూ ఆపైనా, మూడు నెలలు దాటి వాడితే ఆ మందులే రోజూ తలనొప్పి తెప్పించవచ్చు. నొప్పికి మాత్ర, మాత్ర వల్ల నొప్పి. ఆ చక్రంలో ఉన్నవాళ్ళకు వెన్ను ఎన్నిసార్లు సరిచేసినా ఏం లాభం? మాత్రలు తగ్గిస్తే మొదట కొన్నాళ్ళు నొప్పి ఎక్కువవుతుంది, అందుకే డాక్టరు చెప్పిన పద్ధతిలో తగ్గించుకోవాలి. ఇక్కడ సారిడాన్ పొట్లాలు కొంగున ముడేసుకుని తిరిగిన ఆడవాళ్ళను ఎందరినో చూశాను. వాళ్ళకెవరికీ ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

న్యూరాలజిస్టు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకు. ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకంలో రాయి. నొప్పి ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలుంది, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నావు, నెలసరి ఎప్పుడు, నిద్ర ఎంత, భోజనం మానేశావా. శనివారం ఉపవాసాలు, ఇండియా వాళ్ళతో అర్ధరాత్రి కాల్స్, పూజగదిలో సాంబ్రాణి పొగ, అన్నీ రాయి. తలంటు పోసుకున్న రోజు కూడా. ముంబైలో డాక్టర్ కె. రవిశంకర్ అనే తలనొప్పి నిపుణుడు, తలస్నానం వల్ల మైగ్రేన్ వచ్చే 94 మంది మనదేశపు రోగుల గురించి 2006లో రాశాడు. మా అమ్మ ఎప్పుడూ అనేది, తలంటిన సాయంత్రం నాకు తల పగిలిపోతుందని. ఎవరూ పట్టించుకోలేదు.

నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపు గీతలు, వంకర టింకర వెలుగులు కనిపిస్తాయా? కనిపిస్తే, పిల్లలు పుట్టకుండా వాడే మాత్రలు ఏవైనా వేసుకుంటుంటే, ఆ రెండు సంగతులూ కలిపి డాక్టరుకు చెప్పు. మెరుపుల మైగ్రేన్ ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు పక్షవాతం ముప్పు పెంచుతాయి. ఇది ఎంత ముఖ్యమో అంత తరచుగా మరిచిపోతారు.

మందులు ఇప్పుడు నా కాలంలో లాగా లేవు. నొప్పి మొదట్లోనే వేసుకునే ట్రిప్టాన్లు ఉన్నాయి. నొప్పి రాకుండా రోజూ వేసుకునే ప్రొప్రనలాల్, ఎమిట్రిప్టిలిన్, టొపిరమేట్ ఉన్నాయి. 2018 నుంచి నెలకో ఇంజెక్షన్ రూపంలో మైగ్రేన్ కోసమే తయారైన మందులు వచ్చాయి. వీటిని నివారణకు మొదటి వరసలోనే వాడవచ్చని అమెరికన్ హెడేక్ సొసైటీ 2024లో చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్ళు పాత మందులు వాడి చూశాకే అని పేచీ పెట్టవచ్చు, డాక్టరు ఆఫీసు చేత అప్పీలు చేయించు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందే చెప్పు, టొపిరమేట్ గర్భానికి మంచిది కాదు. ఏ నివారణ మందుకైనా రెండు మూడు నెలలు గడువు ఇవ్వాలి, పది రోజుల్లో తేల్చేయకు.

ఇదంతా అయ్యాక మెడ బిగుతు మిగిలితే ముందు ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళు. కైరోప్రాక్టర్ దగ్గరికే వెళ్ళాలనుకుంటే టేబుల్ ఎక్కకముందే మాట్లాడు. "నాకు మైగ్రేన్ ఉంది, నా మెడను విసురుగా తిప్పవద్దు, కండరాలు సడలించడం, వ్యాయామాలు నేర్పడం వరకే చేయండి" అని స్పష్టంగా చెప్పి, కాగితం మీద కూడా రాయించు. సరే అన్నవాడు మంచివాడు. మెడ విరవకుండా లాభం లేదన్నవాడి దగ్గర లేచి వచ్చేయ్, మొహమాటపడకు. ఏడాది ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే కట్టకు. న్యూరాలజిస్టు రాసిన మందులు ఆపేయమంటే మళ్ళీ ఆ గుమ్మం తొక్కకు. ఆరు వారాలు చూడు, నీ నోటు పుస్తకంలో నొప్పి రోజులు తగ్గకపోతే మానేయ్.

ఎప్పుడైనా సరే, ఎవరైనా మెడ ముట్టుకున్నా ముట్టుకోకపోయినా, మునుపెన్నడూ లేనంత నొప్పి క్షణంలో తలకెక్కినా, మెడలో కొత్తరకం పోటు వచ్చినా, రెండుగా కనిపించినా, ఒక కనురెప్ప వాలినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా, ముఖం ఒక పక్క మొద్దుబారినా 911కు ఫోన్ చెయ్యి. మెడ విరిపించుకున్న కొన్ని రోజుల తర్వాత కూడా ఇవి రావచ్చు, కాబట్టి ఆ సంగతి అంబులెన్సు వాళ్ళకు తప్పకుండా చెప్పు. ఈ పేరా అల్లుడి చేత కూడా చదివించు.

సోమవారం పొద్దున్నే అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చెయ్యి. న్యూరాలజిస్టు దొరకడానికి నెలలు పడుతుందంటే ఈలోగా మీ ఫ్యామిలీ డాక్టరును కలువు, ఎక్సెడ్రిన్ సంగతి ఆయనకైనా చెప్పు. తేదీ ఖాయమవగానే నాకు రాయి, ఆయన్ని ఏమేం అడగాలో ముందురోజు ఇద్దరం కూర్చుని రాసుకుందాం.

మీ పెద్దమ్మ