సరే అనేది ఆయన, నలిగిపోయేది నేను

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. ముప్పై ఏళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాం. మావారు రిటైరయ్యారు. కూతురికి దగ్గరగా ఉందామని తిరుపతిలో ఫ్లాటు మాట్లాడుకుని, ఈ ఇల్లు కోటీ 40 లక్షలకు అమ్మడానికి అగ్రిమెంటు రాశాం. కొనేవారు 10 లక్షలు అడ్వాన్సు ఇచ్చి మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అన్నారు. ఆరు నెలలైంది. మొదట బ్యాంకు లోను, తర్వాత మా ఈ-ఖాతా (నగరపాలిక ఇచ్చే ఇంటి ఆన్‌లైన్ రికార్డు), ఆ తర్వాత ఆషాఢం అంటూ వాయిదా వేశారు. ఈలోగా గోడల చెమ్మ బాగుచేయించమన్నారు, ఈశాన్యంలోని కొబ్బరిచెట్టు కొట్టేయమన్నారు, హాల్లో ఉయ్యాల వదిలి వెళ్లమన్నారు, 20 లక్షలు నగదుగా తీసుకోమంటున్నారు. ఇప్పుడు శ్రావణంలో ముహూర్తం బాగుందట, రిజిస్ట్రేషన్‌కు ముందే తాళాలిస్తే గృహప్రవేశం చేసుకుంటారట. మావారు ఫోనులో అన్నిటికీ సరే అంటారు. ఫోను పెట్టగానే ఇంట్లో గొడవ. వీళ్లను వదిలేసి ఇంకొకరికి అమ్మేయమని మా మరిది అంటున్నాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా కొనేవారి గురించే ఉంది. మీవారి గురించి ఒక్క మాట రాసి ఊరుకున్నారు. మీ నిద్ర చెడగొడుతున్నది ఆ ఒక్క మాటేనని నాకు అనిపిస్తోంది. కోటి రూపాయలు దాటి పెట్టేవారు నాలుగు అడుగుతారు, అది సహజం. మీరిద్దరూ వాటికి వేర్వేరుగా జవాబు చెప్పుకోవడం మాత్రం మిమ్మల్ని తినేస్తోంది.

ముప్పై ఏళ్లు ఊడ్చి, ముగ్గు పెట్టుకున్న ఇంట్లోకి కొత్తవారు వచ్చి, గోడలు తట్టి చూసి లోపాలు లెక్కపెడితే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. ఆ బాధ తప్పు కాదు, దాచుకోకండి. మీవారిది మాత్రం మెతకదనం అనుకోకండి. తిరుపతిలో కట్టాల్సిన వాయిదాలు ఆయన తలలో తిరుగుతూ ఉంటాయి. బేరం చెడితే అక్కడ కట్టిన డబ్బు గతి ఏమిటన్న భయమే ఆయన చేత సరే అనిపిస్తూ ఉండవచ్చు. చాలామంది మగవాళ్లు ఆ భయాన్ని భార్యకు చెప్పరు.

అందుకని ముందు ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చోండి. ఎవరిది తప్పన్న మాట ఎత్తకుండా, ‘ఈ బేరం తప్పిపోతే మనకేమవుతుంది?’ అని మీరే అడగండి. అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సి వస్తే ఎక్కడినుంచి తేవాలి, తిరుపతి బిల్డరు ఎంత గడువిస్తాడు, పెన్షనుతో ఎన్నాళ్లు నెట్టుకురాగలరు, కాగితం మీద వేయండి. తేలిన అంకె పెద్దదే కావచ్చు. అయినా దాన్ని ఇద్దరూ కలిసి చూశాక, ఫోను మోగిన ప్రతిసారీ తలొగ్గాల్సిన అవసరం ఆయనకు ఉండదు. ఆ రోజునుంచి ఫోనులో ఏ కోరికకూ అవుననీ కాదనీ చెప్పవద్దు. ‘ఇంట్లో మాట్లాడుకుని ఆదివారం చెబుతాం’ అంటే చాలు. ఇద్దరిలో ఎవరు ఫోను తీసినా అదే మాట.

ఇక వాళ్లడిగినవి. ఆలస్యంలో మీ పాలు కొంత ఉందని ఒప్పుకోండి. 2024 అక్టోబరు నుంచి బెంగళూరు నగర పరిధిలో ఈ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషన్ సాగడం లేదు. అది అమ్మేవారు తెచ్చుకోవాల్సిన కాగితం. ఆధార్, పన్ను రశీదు, క్రయపత్రం, బెస్కామ్ కరెంటు బిల్లు, ఇంటి ఫోటో దగ్గర పెట్టుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. లోను విషయంలో బ్యాంకు లాయరు కాగితాలు చూడాలి, ఇంటి విలువ కట్టేవారు రావాలి, దానికి వారాలు పడుతుంది. మంజూరు పత్రం నకలు చూపించమని అడగడంలో మొహమాటం వద్దు. ఆషాఢం గురించి వాదించకండి, నమ్మకం వాళ్లది. చెమ్మ నిజంగా ఉంటే బాగుచేయించండి, లేదా ఆ ఖర్చు ఎంతో తేల్చి ధరలో తగ్గించండి.

నగదు మాత్రం వద్దు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతం నుంచి రెండు శాతమైంది. స్టాంపు డ్యూటీ, సెస్సులతో కలిపితే మీ ఇంటి ధర మీద వాళ్లకు పదిన్నర లక్షలకు పైనే అవుతుంది. అయినా ఆ భారం తగ్గించడానికి మీరు చిక్కుల్లో పడకూడదు. ఇల్లు అమ్మేటప్పుడు 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. వాళ్లు మీకిచ్చే సొమ్ములో ఒక శాతం టీడీఎస్, అంటే మీ తరఫున ముందే కట్టే ఆదాయపన్ను, కోసి ప్రభుత్వానికి కడతారు, అది మీ పాన్ ఖాతాలో కనిపిస్తుంది, దానికి కంగారు పడకండి. పాత ఇల్లు అమ్మిన లాభాన్ని రెండేళ్లలోపు కొన్న మరో ఇంటిమీద పెడితే పన్ను మినహాయింపు కూడా ఉంది. తిరుపతి ఫ్లాటుకు అది ఎలా వర్తిస్తుందో ఆడిటరును ఇప్పుడే అడగండి.

తాళాలు కూడా ఇవ్వకండి. పాలు పొంగించుకున్న ఇంటినుంచి ఎవరినైనా బయటికి పొమ్మనడం మీ ఇద్దరివల్లా కాదు. స్వాధీనం వాళ్లకు చేరాక మిగతా డబ్బుకు తొందర వాళ్లకుండదు, మీకే ఉంటుంది. పైగా స్వాధీనం ఇచ్చిన అగ్రిమెంటుకు కర్ణాటకలో క్రయపత్రంతో సమానంగా స్టాంపు డ్యూటీ అడుగుతారు. ముహూర్తం అంత ముఖ్యమైతే రిజిస్ట్రేషన్‌నే ఆ ముహూర్తానికి ముందు పెట్టుకోమనండి. ఇది కోపంగా చెప్పాల్సిన పని లేదు, ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పండి.

మీ మరిది సలహా ప్రేమతో ఇచ్చిందే కానీ ప్రమాదం. పాత అగ్రిమెంటు రాతపూర్వకంగా రద్దు కాకుండా ఇంకొకరి దగ్గర అడ్వాన్సు తీసుకోకండి. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సవరించాక, ఒప్పందం అమలు చేయించమని కోర్టుకు వెళ్లిన కొనుగోలుదారుడి పక్షం బలపడింది. గడువు దాటింది కనుక లాయరు చేత అనుబంధ ఒప్పందం రాయించండి. కొత్త తేదీ, ఇంకొంత అడ్వాన్సు, ఆ తేదీ తప్పితే ఎవరు ఏం చేయాలో అందులో ఉండాలి. దానికీ వాళ్లు రాకపోతే అప్పుడు నోటీసు, రద్దు. ఆ వరుస తప్పవద్దు.

కొబ్బరిచెట్టును మీరు కొట్టించవద్దు. ఇల్లు వాళ్లదయ్యాక ఉంచడమో తీసేయడమో వాళ్ల ఇష్టం. ఉయ్యాల సంగతి వేరు. దాన్ని తీసుకెళ్లాలని మీకుందో లేదో మీవారికి తెలుసా? చెప్పి ఉండకపోతే ఈ రాత్రే చెప్పండి. ఉందంటే, ఇస్తానన్న ఆయన చేతే ఆదివారం వాళ్లకు చెప్పించండి. ధరలో చేరని వస్తువు ఇవ్వలేమనడం మాట తప్పడం కాదు.

నిద్ర పట్టకపోవడం ఇలాగే కొనసాగితే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీవారిని కూడా ఒకసారి మాట్లాడమనండి, ఆయన భయం ఆయనకూ భారమే.